కచ్చా అని రాసిన ఇల్లు

కిందటి నెలలో ఒక ఉదయం కళ్లజోడుకి కొత్త అద్దాలు వేయించుకుని, అన్నీ మరీ స్పష్టంగా కనిపిస్తున్నాయేమిటా అనుకుంటూ స్టేషను మీదుగా ఇంటికి వస్తున్నాను. స్టేషను ముందు షామియానా వేసి, లోపల మనిషెత్తు బోర్డులు నిలబెట్టారు. స్టేషనునీ దాని చుట్టూ ఉన్న పాత బస్తీనీ పడగొట్టి కొత్తగా ఎలా కట్టబోతున్నారో అందరూ చూడడానికి ఆ బొమ్మలు. జీవితమంతా రైల్వేలో ప్లాన్ల నక్షాలు గీసి బతికినవాణ్ణి, చూడకుండా పోలేకపోయాను. నీళ్ల ట్యాంకు గుర్తుపట్టి, అక్కణ్ణుంచి వేలితో దారి వెతుక్కుంటూ వెళ్తే, నాకు కావలసిన చోట లేతాకుపచ్చ రంగు వేసి బళ్లు నిలిపే జాగా అని రాసి ఉంది. పక్కన నిలబడి అందరికీ వివరిస్తున్న ఇంజనీరమ్మాయి, మా మనవరాలి వయసే ఉంటుంది, నా వేలు అక్కడ ఆగిపోవడం చూసి, దాదాజీ, అక్కడ ఎవరి ఇల్లూ పోదు, అది ఖాళీ స్థలం, పాత రికార్డులో కూడా అక్కడ చెప్పుకోదగ్గ కట్టడమేదీ లేదు అని హిందీలో ధైర్యం చెప్పింది. అచ్ఛా అన్నాను. ఆ రికార్డు రాసింది నేనేనని ఆ పిల్లకి చెప్పలేదు.

మన వయసు వాళ్లకి, అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి తాతల కాలంలో రైలు పనులకి ఈ హిందీ మాట్లాడే ఊరికొచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల వాళ్లకి, స్టేషను వెనక ఆ సందు గుర్తుండే ఉంటుంది. క్వార్టరు దొరికినవాళ్లం క్వార్టర్లలో ఉండేవాళ్లం. దొరకనివాళ్లు, రిటైరైపోయినవాళ్లు, ఇంటాయన పోయి క్వార్టరు ఖాళీ చెయ్యవలసి వచ్చినవాళ్లు ఆ సందులో చేరేవారు. ఎదురెదురుగా రెండు వరుసలు, వరుసకి ఏడేసి ఇళ్లు, మధ్యన రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి దిగవలసినంత దారి. మా నాన్న లోకో షెడ్డులో ఫైర్‌మన్ కాబట్టి మాకు క్వార్టరుండేది గాని, నేను పెరిగిందంతా ఆ సందులోనే, ఎందుకంటే ఎడమ వరుసలో మూడో ఇల్లు మా పిన్నిది. యార్డులో రైలు పెట్టెలు కలుపుతుంటే చిన్నాన్న కాలు పోయింది. ఆయన గుమ్మంలో కూర్చుని పాత ఇనుప సామాన్లకి తుప్పు గీకి బాగుచేసేవాడు, పిన్ని నాలుగిళ్లలో అప్పడాలు, వడియాలు పెట్టి ముగ్గురు పిల్లల్ని సాకేది. వాళ్లది మట్టిగోడల ఇల్లు. వానాకాలంలో గోడ నానితే చెయ్యి పెట్టి నిమిరేది పిన్ని, జ్వరమొచ్చిన పిల్లని నిమిరినట్టు.

ఆ ఇంటికి సరిగ్గా ఎదురిల్లు మామ్మది. నాకు వరసకేమీ కాదు, సందులో పిల్లలందరికీ మామ్మే. మంత్రసాని. నన్నూ, నా తమ్ముణ్ణీ, పిన్ని ముగ్గురు పిల్లల్నీ భూమ్మీద పడ్డప్పుడు పట్టుకున్న చేతులు ఆవిడవి. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు, రెండు మేకలుండేవి. పురుడు పోసిన ఇంటివాళ్లు ఏమిస్తామన్నా ఇటుకలే ఇమ్మనేది. చీర పెడతామంటే వద్దని, దాని బదులు ఇన్ని ఇటుకలు తోలించండి అనేది. అలా ఎన్నేళ్లో కూడబెట్టి, మేస్త్రీ పక్కన తనే తట్ట మోసి, మట్టిగోడలు ఒక్కొక్కటే తీయించి ఇటుక గోడలు లేపింది. సున్నం తనే కొట్టుకునేది. ఈ గోడలో మీ అమ్మ ఇచ్చిన ఇటుకలున్నాయి, నువ్వు పుట్టినప్పటివి, అని ఒక చోట చూపించి నా చెయ్యి పట్టి ఆ గోడ మీద పెట్టేది. పుట్టగానే ఏడవలేదని నాకు ఆవిడ ఒక ముద్దుపేరు పెట్టింది, ఆ పేరుతో నన్ను ఇంకెవరూ పిలవలేదు, ఇక్కడ రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

నాకు ఇంజనీరింగు ఆఫీసులో ట్రేసరుగా ఉద్యోగమొచ్చినప్పుడు సందంతా మురిసిపోయింది. పెద్ద కాగితాల మీద పల్చటి కాగితం పరిచి, కింద గీతల్ని పైన సిరాతో దిద్దడం నా పని. చెయ్యి వణక్కూడదు, ఊపిరి కూడా చూసి తీసుకోవాలి. మా హెడ్డు డ్రాఫ్ట్స్‌మన్ గారు బెంగాలీ ఆయన, తక్కువ మాట్లాడే మనిషి. నా చెయ్యి బాగుందని మెచ్చుకుని, ఏడాది తిరక్కుండానే కొలతల పనికి కూడా పంపడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే స్టేషను నుంచి బజారుకి వెడల్పు రోడ్డు వేసి, చుట్టూ బస్తీనంతా బాగుచెయ్యాలని ఒక పెద్ద ప్లాను తయారవుతోంది. రోడ్డు మన సందులోంచే పోవాలి. రెండు వరుసల్లో ఒకటి పోతే చాలు, రెండోది నిలుస్తుంది. ఏ వరుసలో ఇటుక గోడల పక్కా ఇళ్లు తక్కువుంటే ఆ వరుస తీసేద్దాం, మట్టి ఇల్లయితే మరోచోట లేపుకోగలరు కదా అన్నారు హెడ్డు గారు. న్యాయమైన మాటే. ఏ ఇల్లు పక్కానో ఏది మట్టిగోడల కచ్చానో చూసి ఫీల్డు బుక్కులో రాసుకు రమ్మని నన్ను పంపారు. ఆ మనుషులు నీవాళ్లు, నిన్ను చూసి గాభరా పడరు అని కూడా అన్నారు.

ఇద్దరు ఖలాసీలతో గొలుసు పట్టించి రెండు రోజులు కొలిచాను. ఎడమ వరుసలో పక్కావి మూడు తేలాయి, కుడి వరుసలో మామ్మదానితో కలిపి నాలుగు. అంటే పిన్ని వరుస పోతుంది. ఆ మాట నేను ఇంట్లో చెప్పకపోయినా అమ్మకి ఎలాగో తెలిసిపోయింది. నాకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, నా కంచం వైపే చూస్తూ, ఒక్క మాటే అంది.

“కాల్లేనోడితోటి ముగ్గురు గుంటల్నేసుకుని మీ పిన్ని ఎక్కడికెల్తాదిరా?”

అంతకుమించి ఏమీ అడగలేదు. మర్నాడు ఆఫీసులో, కిటికీ పక్క నా బల్ల దగ్గర కూర్చుని, ఫీల్డు బుక్కులో పిన్ని ఇంటి నంబరు పక్కన ఉన్న కచ్చా అనే మాట రబ్బరుతో తుడిచి పక్కా అని రాశాను. అప్పుడు చెరి నాలుగూ అయ్యాయి. సమానమైతే హెడ్డు గారు స్వయంగా చూడడానికి వస్తారు. కాబట్టి అవతల వరుసలో ఒకటి తగ్గాలి. మిగిలిన మూడు పక్కా ఇళ్లలోనూ చదువుకున్న మగవాళ్లున్నారు, ఆఫీసుకొచ్చి ఇదేమిటని అడగగలరు. మామ్మకి అది చేతకాదు. ఆ లెక్క నేను కోపంలోనో, కంగారులోనో వేసుకోలేదు, చాలా నిదానంగా వేసుకున్నాను. ఇన్నేళ్లలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ నిదానమే. మామ్మ ఇంటి నంబరు పక్కన కచ్చా అని రాసినప్పుడు నా అక్షరాలు ఎప్పటికంటే బాగా కుదిరాయి.

నోటీసులు వచ్చేసరికి ఎండాకాలం దాటింది. మామ్మ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది, హిందీలో ఉన్నదాన్ని చదివి చెప్పమని. చదివాను. కచ్చా అనే మాట రాగానే ఆపించి, మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

“కచ్చా అని ఎవులు రాసినారు బాబూ?”

ఆఫీసులో ఎవరో రాసి ఉంటారన్నాను. ఆవిడ, పాపం వాళ్లు ఇల్లు చూసి ఉండరు, దూరం నుంచి మేకల పాక చూసి రాసేసి ఉంటారు అంది. తప్పెవరిదో వెతికే మనిషి కాదు ఆవిడ. నా చేతే ఒక అర్జీ రాయించుకుంది. తన ఇల్లు ఇటుకలతో కట్టిందనీ, ఏ గోడ ఏ పురుటికి కట్టిందో కూడా చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను, చివర వేలిముద్ర వేసింది. నువ్వు చేతికిస్తే మీ పెద్దాయన కాదనడు అని నా మీద నమ్మకముంచి వెళ్లింది. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాను. వారం రోజులు అది నాతోపాటు ఆఫీసుకి వెళ్లింది, నాతోపాటు ఇంటికి వచ్చింది. ఇస్తే బుక్కు తీస్తారు, బుక్కు తీస్తే రబ్బరు మరక కనబడుతుంది. ఎనిమిదో రోజు చొక్కా ఉతుకులకి వేసేటప్పుడు జేబులోంచి తీయలేదు. మరిచిపోయానని నాకు నేను చెప్పుకున్నాను. మరిచిపోలేదు. ఇచ్చావా అని ఆవిడ అడిగితే, ఇచ్చాను, చూస్తామన్నారు అని చెప్పాను.

ఇళ్లు పడగొట్టిన రోజు ఉదయం హెడ్డు గారు నన్ను కూడా వెంట తీసుకెళ్లారు. కుడి వరుసలో మట్టి ఇళ్లు గంట పట్టలేదు. మామ్మ ఇంటి దగ్గరికి వచ్చేసరికి గునపాలు ఆగిపోయాయి. కూలీల్లో ఒకడు నుదురు తుడుచుకుంటూ, యే తో పక్కా హై సాబ్ అన్నాడు. హెడ్డు గారు దగ్గరికి వెళ్లి, గోడలోంచి ఊడిన ఒక ఇటుకని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ఇది నువ్వే కదా కొలిచింది అని మెల్లిగా అడిగారు. అవునండి అన్నాను. ఆయన ఇటుకని పగలకుండా నేలమీద పెట్టి, జేబురుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయారు. అప్పటికే పైకప్పు దింపేశారు, ఆపడానికేమీ మిగల్లేదు. ఆయన నన్ను మందలించలేదు, ఎవరితోనూ చెప్పలేదు. తను రిటైరయ్యేదాకా నన్ను మళ్లీ కొలతలకి మాత్రం పంపలేదు. మామ్మ తన మేకల మెడతాళ్లు పట్టుకుని, పిన్ని గుమ్మం పక్కన, మట్టిగోడకి ఆనుకుని నిలబడి అంతా చూసింది.

మంగ్లా అప్పట్లో ఊరికి దూరంగా ఉండే పల్లె. అక్కడ ఎవరిదో పశువుల కొట్టం పక్కన మామ్మ చిన్న పాక వేసుకుందని తెలిసింది. నాలుగైదు నెలలు తాత్సారం చేసి, ఒక ఆదివారం సైకిలు మీద వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. ఆవిడ బాగా చిక్కిపోయింది. ఆ పల్లెలో పురుళ్లకి వాళ్ల మనిషి వాళ్లకుంది, ఈవిడని ఎవరూ పిలవడం లేదు. నన్ను చూసి సంతోషించి, గంజిలో ఉప్పు కలిపి ఇచ్చి, అమ్మనీ తమ్ముణ్ణీ అడిగి, ఆఖర్న పిన్ని పిల్లల గురించి అడిగింది. బాగున్నారన్నాను.

“ఆలకి నీడుంది గదా. సాల్లే నాయినా. నువ్వు దాని గురించి ఇంక మనసులో ఏటీ ఎట్టుకోకు.”

అంతే అంది. దాని గురించి అంటే దేని గురించి? తెలిసే అందా, మామూలుగా అందా? గిన్నె కడిగి ఇచ్చి వచ్చేశాను. మళ్లీ వెళ్దామనుకుంటూ ఉండగానే, ఆ చలికాలంలోనే పోయిందని, పోయి అప్పటికే పదిహేను రోజులైందని తెలిసింది.

రోడ్డు మాత్రం రాలేదు. పెద్ద ఆఫీసర్లు బదిలీ అయ్యారు, కొత్తవాళ్లు వేరే దారి చూశారు, ప్లాను అటకెక్కింది. కుడి వరుస ఉండిన చోట తుమ్మమొక్కలు మొలిచాయి. పిన్ని ఆ ఖాళీ చూడలేక వీధి తలుపు మూసేసి, గడియకి అడ్డంగా మేకు కొట్టించి, పెరటి దారిన రాకపోకలు పెట్టుకుంది. మధ్యాహ్నాలు ఎదురుగా మేకల్ని అదిలిస్తున్న గొంతు వినబడుతోందని అమ్మతో చెబితే, అమ్మ నా వైపు చూడకుండా బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. నేను పిచ్చిమాటలని కొట్టిపారేశాను. కొన్నాళ్లకి ఒకరోజు, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, ఎర్రటి ఎండలో ఆ దారిన వస్తుంటే వెనకనుంచి ఎవరో ఆ ముద్దుపేరు పెట్టి పిలిచారు. తిరిగి చూస్తే తుమ్మమొక్కలే. ఆ పేరు తెలిసిన మనిషి పోయి అప్పటికి రెండేళ్లు. విన్నది విన్నాననే చెబుతున్నాను, మీరు నమ్మినా నమ్మకపోయినా. అప్పట్నుంచి ఆఫీసుకి చుట్టుతిరుగుడు దారినే వెళ్లాను. పిన్ని పెద్దకొడుక్కి రైల్వేలోనే ఉద్యోగమొచ్చి, వాళ్లు క్వార్టరుకి మారిపోయాక, మట్టి ఇల్లు రెండు వానలకి దానంతటదే కూలింది. నేను అంత చేసి నిలబెట్టిన ఇల్లు నిలిచింది మొత్తం ఆరేళ్లు.

ఇప్పుడు మంగ్లాలో అన్నీ మేడలే. ఆ పాక ఎక్కడుండేదో పోల్చుకుందామని వెళ్తే దారి అడగడానికి పాతవాళ్లెవరూ లేరు, ఆ పల్లె పేరు ఆటోవాళ్ల నోట మిగిలింది. ఇప్పటి కొలతలు ఆకాశంలోంచి తీస్తారట, మనిషి గడపదాకా వెళ్లనక్కర్లేదట. మంచిదే, తెలిసినవాళ్ల ఇంటి ముందు నిలబడి రాయవలసిన పని లేదు. అమ్మ, పిన్ని, చిన్నాన్న, హెడ్డు గారు, చివరికి నలభై ఏళ్లు నాతో కాపురం చేసిన మా ఇంటావిడ కూడా ఇది నా నోట వినకుండానే వెళ్లిపోయారు. నెహ్రూ నగర్లో మా ఇంట్లో ఇప్పుడు అందరూ హిందీలోనే మాట్లాడుకుంటారు. నేను వారం రోజులుగా ఏదో రాస్తున్నానని చూసి, నిన్న మా మనవరాలు వెనకగా వచ్చి నిలబడి, అక్షరాలు ఎంత గుండ్రంగా, ఎంత అందంగా ఉన్నాయి తాతయ్యా, ఏం రాశారు అని అడిగింది. పాత ఉద్యోగం సంగతులమ్మా అన్నాను. కాగితం చేతిలోకి తీసుకుని, మొదటి వరస మీద వేలు పెట్టి ఒక్క అక్షరం కూడబలుక్కుని, రెండోది రాక నవ్వేసి, తిరిగి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కాబట్టే ఇదంతా రాయగలిగాను.