ఓత్సుషిమా దీవిలో ఒక వీడ్కోలు మాట

మా అబ్బాయి విశాఖలో నేవీలో పనిచేస్తున్నాడు. పోయిన నెల భవానీపురం ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, సబ్‌మెరైన్లలో పనికి నా పేరిద్దామనుకుంటున్నా. నువ్వు సరేనంటేనే" అన్నాడు. వాడికి ఏ జవాబూ చెప్పకుండానే, రొయ్యల ఎగుమతి పనిమీద హిరోషిమా వస్తున్న మావారి వెంట వచ్చేశాను. యుద్ధం చివర్లో జపాన్ ఆత్మాహుతి దళాలు తర్ఫీదు పొందిన చోటు ఓత్సుషిమా దీవిలో ఇంకా మిగిలుందని ఇక్కడే తెలిసింది. "అలాంటి చోటికి ఇప్పుడెందుకే?" అన్నారు మావారు. భయపడేదేదో కళ్ళారా చూసే భయపడదామని ఒక్కదాన్నే బయల్దేరాను.

ఉదయం ఎనిమిదికి బుల్లెట్ రైలెక్కితే అరగంటలో తొకుయామా. స్టేషన్ నుంచి రేవుకి నడకే. పడవకి రానూపోనూ పద్నాలుగు వందల పైచిలుకు యెన్లు, అంటే మనకి ఎనిమిది వందల రూపాయలు. దీవిలో దిగి కాస్త నడిస్తే కొండని తొలిచిన సొరంగం వస్తుంది. నీళ్ళలో దూసుకెళ్ళే టార్పెడో బాంబులను తోసుకెళ్ళిన పట్టాల గుర్తులు నేలమీద ఇంకా ఉన్నాయి. సొరంగం దాటితే సముద్రంలో నిలబడ్డ కాంక్రీటు కట్టడం. అక్కడి నుంచే వాటిని నీళ్ళలోకి దించేవారట. లోపల ఒక మనిషి కూర్చుని నడుపుతూ శత్రువు ఓడని గుద్దుకోవాలి. వాటిని సబ్‌మెరైన్ల మీద కట్టి తీసుకెళ్ళేవారని అక్కడి బోర్డు మీద చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

దీవిలోని మ్యూజియం ముందు అలాంటి టార్పెడో నమూనా ఉంది, మా పామర్రు రైస్‌మిల్లు బాయిలరు కన్నా సన్నం. లోపల గోడలనిండా అలా వెళ్ళి చనిపోయిన కుర్రాళ్ళ ఫోటోలు, ఇరవై దాటీ దాటని మొహాలు. చివరిదాకా చూడలేక బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను. అక్కడ పనిచేసే పెద్దావిడ టీ తెచ్చిచ్చింది. ఫోన్‌లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం.

"మీవాళ్ళెవరైనా ఇక్కడ పోయారా?" అని అడిగింది.

"లేదండీ. మావాడు సబ్‌మెరైన్లో చేరతానంటున్నాడు."

ఆవిడ గోడమీది ఫోటోల వైపు చెయ్యి చూపించింది. "మేం గడప దాటేటప్పుడు 'వెళ్ళి వస్తాను' అంటాం. ఈ పిల్లలు మాత్రం వట్టి 'వెళ్తాను' అనే బయల్దేరారని మా అమ్మ చెప్పేది."

టీ కప్పు పక్కన పెట్టేశాను. "అయ్యో, మా ఇళ్ళలోనూ అంతేనండీ! ఎవరైనా 'వెళ్తా' అంటే ఊరుకోం, కసురుతాం."

"మరి మీవాడు ఏమంటాడు?"

"వెళ్ళొస్తాననే అంటాడండీ."

ఆ ఫోటోల్లోని వాళ్ళని వీరులనాలో, మోసపోయిన పిల్లలనాలో నాకు తెలీదు. పంపినవాళ్ళ మీద మాత్రం పట్టరాని కోపం వచ్చింది. పంపేటప్పుడే తిరిగి రాకూడదని రాసిపెట్టడం ఎంత పాపం! మావాడి ఉద్యోగంలో ప్రమాదం ఉంది, నిజమే. కానీ వాడు తిరిగి రావాలనే అక్కడ అందరూ చూస్తారు. మీరెప్పుడైనా ఆ దీవికి వెళ్తే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: పడవలు తక్కువ, తిరుగు పడవ టైము దిగగానే రాసుకోండి. నేను ఆ పడవలో కూర్చునే అబ్బాయికి "వెళ్ళు నాన్నా" అని టైపు చేశాను. చెరిపేసి, "వెళ్ళిరా నాన్నా" అని పంపాను.