పడకుండా నిలబడ్డ ఐసాక్

మా మనవడు ఐసాక్ సాధించిన మొదటి ఘనకార్యం ఏమిటంటే, ఒక సైనికుడి కాలు కోసి తీసేస్తుంటే దీపం పట్టుకుని, చివరిదాకా కింద పడకుండా నిలబడటం. నవ్వకండి. వాణ్ణి ఎరిగినవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

మేం మెన్నోనైట్ క్రైస్తవులం, మా మతం ప్రకారం తుపాకీ ముట్టం. అందుకని యుద్ధమొస్తే రష్యా జార్ ప్రభుత్వం మా కుర్రాళ్లను అడవుల్లో మొక్కలు నాటడానికో, ఆసుపత్రి రైళ్లలో గాయపడ్డవాళ్లను మోయడానికో పంపుతుంది. ఐసాక్ రైలే కావాలన్నాడు. మా వాళ్లుండే మొలోచ్నా ప్రాంతం మొత్తం పగలబడి నవ్వింది. ఏటా చలి మొదలవగానే ఇరుగుపొరుగు కలిసి పందిని కోస్తాం కదా, కత్తి పైకి లేవగానే ముందు నేలకొరిగేది పంది కాదు, మావాడు. లేచేసరికి వాడి కోటు వెనక ఎవరో పంది తోక గుచ్చి ఉండేవారు.

అలాంటివాడు ఆగానేతను పెళ్లాడతానన్నాడు. ఊళ్లో పందులు కోసే కొర్నేలియస్ కూతురు ఆమె.

"ఏరా అబ్బాయ్, రేపు నా పిల్లకి పురుడొస్తే ఎవర్ని చూసుకోవాల్రా మేము? దాన్నా, నిన్నా?" అన్నాడు కొర్నేలియస్.

రైల్లో రెండుసార్లు పడ్డాడట. మూడోసారి పడితే అడవికే అన్నాడు డాక్టరు. ఆ మూడోసారి, సైనికుడి కాలు తీసేసేటప్పుడు ఏం జరిగిందో, అదే రైల్లో పనిచేసే యాకొబ్ సెలవుకొచ్చి చెప్పాడు.

"ఏంటయ్యా ఆ గొణుగుడు?" అన్నాడట డాక్టరు.

"పాటండీ."

"ఒకటి, మూడు, ఐదు... ఇదేం పాటయ్యా?"

"మా ఊళ్లో రాగాలు అంకెల్లోనే రాసుకుంటామండీ. మా తాత నేర్పాడు."

"మీ తాత చల్లగా ఉండాలి. పాడుకో. దీపం మాత్రం కదపకు."

ప్రార్థన మందిరంలో నలభై ఏళ్లుగా పాట ఎత్తుతున్నది నేనేనని ఇక్కడ మనవి చేసుకుంటున్నాను. ఇప్పుడా రైల్లో గాయపడ్డవాళ్లు ఐసాక్‌నే పిలిపించుకుంటున్నారట.

కొర్నేలియస్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "రైలు సంగతి రైల్లోనే. ఇక్కడ నా పక్కన నిలబడి పంది కాలు పట్టుకోమను. పడకపోతే పెళ్లి మాట ఎత్తుతాను."

"నిలబడతాడు నాన్నా. తోక ఈసారి ఎవరి కోటుకో మీరే చూసుకోండి," అంది ఆగానేత, గుండుసూది ఏప్రన్ జేబులో దాచుకుంటూ.

కొర్నేలియస్ కత్తి నూరుతున్నాడు. పందిని కోసేదీ, ఐసాక్ సెలవుపై దిగేదీ ఒకే రోజు: నవంబరు పన్నెండు.