తెల్లటి పేజీ మీద యాదయ్య అన్న

నేను తయారు చేసిన మొట్టమొదటి వెబ్‌సైట్ చూసి జనం ఏడ్చారు. మాట వరసకు అనడం లేదండీ. నిజంగానే రొమ్ములు బాదుకుని, కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఇన్నేళ్లలో ఎంతోమంది డిజైనర్లను చూశాను గానీ, ఒక్క పేజీతో ఊరు ఊరంతటినీ శోకసముద్రంలో ముంచినవాళ్లు నాకు ఇంకొకరు తగల్లేదు. కాబట్టి ఆ ఘనత నాదే. ఎలా సాధించానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి షంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలై రెండు మూడేళ్లయింది. నేను అప్పుడే అమీర్‌పేటలో వెబ్ డిజైనింగ్ కోర్సు ముగించి, వనస్థలిపురంలో మా ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త డిజైనర్ హద్దు కూడా ఎరగదు. మా మాస్టారు నూరిపోసిన మంత్రాలు రెండే: పేజీలో ఖాళీ ఉండాలి, ఎక్కడ చూసినా ఒకే రూపం ఉండాలి. అవి నాకు ఎంతగా తలకెక్కాయంటే, వంటింటి అలమరలో సగం డబ్బాలు తీసి అటక మీద పడేసి, "ఇప్పుడు చూడమ్మా, ఎంత హాయిగా ఉందో!" అన్నాను. ఆ రోజు పోపుల డబ్బా కనపడక మా అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

అలాంటి నా చేతికి చిక్కాడు పాపం యాదయ్య అన్న. ఆయనది తొండుపల్లి. తాతల నాటి పొలంలో మిగిలిన ముక్కలో, ఉన్నదంతా ఊడ్చిపెట్టి, కూతురి పేరున 'దీపిక ఫంక్షన్ హాల్' కట్టాడు. కట్టి నెలలు గడిచినా ఒక్క పెళ్లి పడలేదు. చివరికి బాలాపూర్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, కూతురి పెళ్లికి హాలు బాగుందని, ఇంట్లోవాళ్లకు ఇంటర్నెట్‌లో చూపించి ఖాయం చేస్తానని చెప్పి వెళ్లాడు. ఇంటర్నెట్‌లో చూడ్డానికి అక్కడేమీ లేదు. ఆ మొదటి పెళ్లి చేజారితే హాలును గోదాముకు కిరాయికి ఇచ్చుకోవాల్సిందేనని యాదయ్య అన్న దిగులు. అందుకే ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

వస్తూ వస్తూ చంకలో ఒక ఫ్లెక్సీ చుట్టుకొచ్చాడు. ముందుగదిలో పరిస్తే అది గది చాలక వరండాలోకి పాకింది. పైన దేవుళ్లు, మధ్యలో సెల్‌ఫోన్ చెవిన పెట్టుకున్న యాదయ్య అన్న, చుట్టూ గుండ్రటి ఫోటోల్లో బంధువర్గం, ఒక మూల ఎందుకో గర్జిస్తున్న పులి.

"గిట్లనే కావాలె చెల్లె," అన్నాడు.

నాకు కళ్లు తిరిగాయి. "ఇంతమంది ఎవరన్నా?"

"గీయన మా సర్పంచి. గీళ్లు మా పాలోళ్లు. గీడు శ్రీశైలం, మా బామ్మర్ది. రావిర్యాలల ఉంటడు."

"వీళ్లందరికీ హాలుతో ఏం సంబంధం?"

"నాతోని సంబంధం ఉంది గదా!"

"చూసేవాళ్ల కంటికి కాస్త విశ్రాంతి ఉండాలన్నా. మీరొక్కరు చాలు. మిగతావాళ్లను తీసేద్దాం."

"అందర్ని తియ్యి గని శ్రీశైలంని తియ్యకు. వాన్ని తీస్తే మీ వదిన నన్ను తీసేస్తది."

"నా మాట నమ్మండి. పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇలాగే చేస్తాయి."

"పులి గూడ వద్దా?" అన్నాడు ఆశ చావక.

"పులి అసలే వద్దు."

ఆయన పెద్ద నిట్టూర్పు విడిచాడు. "సదువుకున్నదానివి, నీకే ఎరుక," అని భారమంతా నా నెత్తిన పెట్టి, ఫ్లెక్సీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా నేను చేసింది తపస్సే. తెల్లటి పేజీ. నడిమధ్యన యాదయ్య అన్న ఫోటో ఒక్కటే, అదీ నలుపు తెలుపులో. రంగులు కూడా గందరగోళమే కదా! దాని కింద ఆయన పేరు. హాలు పేరు దీపిక కాబట్టి పక్కన వెలుగుతున్న చిన్న దీపం. అడుగున నేను స్వయంగా కూర్చిన వాక్యం: 'ఎల్లప్పుడూ మీతోనే.' హాలు పేరు, ఫోన్ నంబరు ఇంకా కిందికి, లేత బూడిద రంగులో, ఓపికున్నవాళ్లకు దొరికేలా పెట్టాను. అయ్యా, అమ్మా, మీకు ఈపాటికి అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు.

ఇక రెండో మంత్రం మిగిలింది, ఎక్కడ చూసినా ఒకే రూపం. అదే పేజీని పెద్ద ఫ్లెక్సీగా కొట్టించి తొండుపల్లి మలుపులో కట్టించాలని షంషాబాద్‌లోని ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. షాపతను తెర మీద బొమ్మ చూసి చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యో, యాదయ్యనా! మంచి మనిషి మేడం."

"చాలా మంచివారు," అన్నాను.

"అంత జల్ది ఎట్లయింది మేడం?"

"అంతా అనుకున్నదానికంటే బాగా అయింది."

అతను నన్ను అదో రకంగా చూశాడు. "నా కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి."

"పూర్తవగానే నాకూ అలాగే అయింది," అన్నాను వినయంగా.

"దినం ఎన్నడు వెట్టుకున్నరు? కింద తారీకు ఎయ్యాలె గదా."

"ఇంకా ఖాయం కాలేదు. బాలాపూర్ వాళ్లు చెప్పాలి."

అతను తల పంకించి ఫ్లెక్సీ అచ్చుకు పెట్టేశాడు. డబ్బు కూడా పుచ్చుకోలేదు. మంచి డిజైన్ అంటే షంషాబాద్‌లో ఇంత మర్యాదా అని పొంగిపోయి ఇంటికొచ్చాను. సాయంత్రానికి ఫ్లెక్సీ కట్టేశారు, సైట్ కూడా తెరిచేశాను. యాదయ్య అన్నకు మాత్రం ముందుగా చూపించలేదు. ఒక్కసారిగా చూపించి మురిపిద్దామని నా కోరిక.

మర్నాడు పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని వెళ్తే, ఆయన ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. నా సైట్ ప్రారంభోత్సవానికే అనుకున్నాను. దగ్గరికి వెళ్లేసరికి ఏడుపులు. రావిర్యాల నుంచి మోటార్ సైకిల్ మీద దిగిన శ్రీశైలం గేటు పట్టుకుని, "బావా, మమ్ముల నిడిసి ఎట్ల పోయినవే!" అని రాగం తీస్తున్నాడు. ఆటోల్లోంచి ఆడవాళ్లు దిగుతున్నారు. ఒకాయన పూలదండ పట్టుకుని, ఎక్కడ వేయాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నాడు.

అంతలో నోట్లో వేపపుల్లతో, లుంగీ ఎగ్గట్టుకుని యాదయ్య అన్న ఇంట్లోంచి బయటికి వచ్చాడు.

"ఏందిరా లొల్లి పొద్దుగాల్నే?"

ముసలమ్మలు ఉన్నచోటనే కూలబడ్డారు. దండ పట్టుకున్నాయన దండ వదిలేసి గోడ దూకాడు. శ్రీశైలం ఒక్కడే ధైర్యం చేసి బావ చెయ్యి గిల్లి చూశాడు.

"నువ్వు సావలేదా బావా?"

"నేనెందుకు సస్తరా? ఎవడన్నడు?"

"మలుపు కాడ ఫ్లెక్సీ ఉంది గదా! తెల్లగ, నువ్వొక్కనివే, పక్కన దీపం. బతికున్నోడు ఫ్లెక్సీల ఒక్కడే ఎట్లుంటడు? పక్కన మేం లేమంటే నువ్వు పోయినట్టే గదా!"

అందులో తప్పేముంది చెప్పండి? ఆ దారిలో నేనూ ఎన్నోసార్లు తిరిగాను. ఒక మనిషి పుట్టినరోజైనా, పండగైనా, ఫ్లెక్సీలో ఊరంతా ఉంటుంది. మనిషి ఒక్కడే, చుట్టూ బోలెడంత ఖాళీతో కనిపించేది ఒక్క శ్రద్ధాంజలిలోనే. కళ్లుండీ చూడలేదు నేను.

అందరూ నా వైపు తిరిగారు. యాదయ్య అన్న భార్య కొంగు బిగించి నా మీదికి వచ్చింది. "నా పుస్తెలతోని ఆటలాడుతున్నవా పిల్లా?"

నేను నోరు తెరిచేలోపే యాదయ్య అన్న ఫోన్ మోగింది. బాలాపూర్ పెద్దమనిషి! అన్న స్పీకర్ నొక్కాడు.

"సైట్ చూసినం బిడ్డా. మనసంత ఖరాబైంది. మీ నాయన నాతోని ఎంత మంచిగ మాట్లాడిండు!"

"నేనే యాదయ్యను!"

"గొంతు అచ్చం నాయనదే వచ్చింది నీకు. గని మైల ఉన్న కాడ శుభకార్యం ఎట్ల జేస్తం? ఇంకో హాల్ చూసుకుంటం. ఏమనుకోకు బిడ్డా."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. యాదయ్య అన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వేపపుల్ల పారేసి అరుగు మీద కూర్చుని, "హాల్ పాయె చెల్లె," అన్నాడు మెల్లగా. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పటిదాకా ఆ టెంటు కింద ఏడ్చినవాళ్లందరికంటే ఎక్కువ ఏడ్చాను.

"ఏడ్సుడు బంజేసి పని జూడు," అన్నాడు శ్రీశైలం. "మంది ఎట్లన్న ఉన్నరు గదా, అందర్ని అండ్ల ఎయ్యి!"

పరామర్శకు వచ్చినవాళ్లందరినీ టెంటు కింద వరసగా నిలబెట్టాను. నడుమ యాదయ్య అన్న, ఇస్త్రీ చొక్కాతో. ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే అందరూ పళ్లికిలించారు. గోడ దూకినాయన కూడా తిరిగొచ్చి, తల దువ్వుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. నేను లాప్‌టాప్‌కు డేటా కార్డు తగిలించి, సిగ్నల్ కోసం దాన్ని పెరడంతా తిప్పి, ఆ ఫోటోను పేజీ నిండా, అంచు నుంచి అంచుకు, గాలి దూరకుండా పరిచాను. శ్రీశైలం తన ఫోన్‌లోంచి బాలాపూర్‌కు కలిపి, "జర ఇంకోసారి సైట్ చూడు పెద్దాయనా," అని బతిమాలాడు.

కాసేపటికి యాదయ్య అన్న ఫోన్ మోగింది. అన్న మళ్లీ స్పీకర్ నొక్కాడు, బాలాపూర్ పెద్దమనిషే.

"ఇగ నమ్మిన యాదయ్యా! పోయినోని ఎనక ఇంతమంది పండ్లికిలియ్యరు. పెండ్లి మీ హాల్లనే, ఖాయం. గని నాకు ఒకటే పరేషాన్ ఉంది."

"ఏంది చెప్పు అన్నా!"

"అందరున్నరు. మీ హాల్ల మొదటి పెండ్లి చేసేటోన్ని, నా ఫోటో ఏది?"

ఆ పూటే, ఇంకా వేడి చల్లారని లాప్‌టాప్ మీద కుడిచెయ్యి ఉంచి, ఊరంతటి సాక్షిగా ప్రమాణం చేశాను: ఖాళీ ఎంత అందంగా ఉన్నా సరే, బతికున్న మనిషిని అందులో ఒంటరిగా నిలబెట్టను. నా అన్నవాళ్లు లేని మనిషే వచ్చి అడిగితే, నలుగురిని కిరాయికి తెచ్చయినా పక్కన నిలబెడతాను.