నేను కోయించిన మడ్గార్డు

యుద్ధం రోజుల్లో బస్సుకు టైరు దొరకడమంటే దేవుడు ఎదురుగా వచ్చి నిలబడినంత పని. నేను మగ్గం వదిలి స్టీరింగు పట్టుకున్నవాణ్ణి. కడప నుంచి రాయచోటికి తిరిగే బొగ్గు బస్సు నాది. పెట్రోలు దొరక్క, వెనకాల డ్రమ్ములో బొగ్గులు మండించి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్లం. వెనక టైర్లు పూర్తిగా అరిగిపోతే ఎవరెవరినో బతిమాలి లారీ టైర్లు తెచ్చి వేశాను. అవి నా బస్సుకు పెద్దవి.

ఖాళీగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. జనం ఎక్కితే బస్సు కుంగి, టైరు పైనున్న మడ్గార్డు రేకుకు రాసుకునేది. గరగరమని చప్పుడు, రబ్బరు కాలిన కంపు. "ఓ డ్రైవరప్పా, కాల్తాండాది! నిలుపు!" అని వెనక నుంచి ఒకటే అరుపులు. మొదట్లో దిగి చూసేవాణ్ణి. తర్వాత తర్వాత విసుగొచ్చి, "ఏం కాలేదు, కూచోండప్పా" అని కసురుకుని ముందుకు పోయేవాణ్ణి.

చివరికి కొలిమి కాడికి తీసుకుపోయాను. కమ్మరాయన బస్సు కింద దూరి చూసి, "స్ప్రింగు కమాన్లకు ఇంగో రెండు పట్టీలేసి బస్సును పైకి లేపుదాం. పాతవి యాడన్నా దొరుకుతాయేమో చూస్తా. ఒక వారం ఓర్చుకో" అన్నాడు. వారం ఓర్చుకునే మనిషినైతే మగ్గం ఎందుకు వదులుతాను? రేకు కోసెయ్యమన్నాను.

"కోస్తే అంచు మడిచి కొట్టల్ల. పైన కూడా అడ్డం ఏదన్నా పెట్టల్ల. పక్కనే మనుషులు కూచుంటారు కదప్పా."

"టైరుకు తగలదు కదా? అది చాలు."

ఆయన కోసిచ్చాడు. మా బస్సుకు పక్కలు మూసి ఉండేవి కావు, నడుము ఎత్తు చెక్కలు మాత్రమే. ఆడవాళ్లు కూర్చునే చివరి బల్ల సరిగ్గా ఆ టైరు పక్కనే. చప్పుడూ పోయింది, కంపూ పోయింది. వారం రోజులు అందరి దగ్గరా గొప్పలు చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఒకరోజు నా భార్య రాయచోటిలో ఉన్న చెల్లెలింటికి బయలుదేరింది. వాళ్ల నాయన నేసిన ఎనిమిది గజాల నూలుచీర కట్టుకుంది. బొగ్గు పొగ పడక, కొంగును ముక్కు మీదుగా లాగి మెడ చుట్టూ తిప్పుకుని చివరి బల్ల మీద కూర్చుంది.

గువ్వలచెరువు కనుమ ఎక్కేటప్పుడు మా బస్సుది ఎద్దులబండి నడక. సగం ఎక్కామో లేదో, వెనక నుంచి అరుపులు లేచాయి. "నిలుపప్పా! నిలుపు!"

నాకు నవ్వొచ్చింది. రాసుకోవడానికి ఇప్పుడు రేకే లేదు, నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నాను. "ఏం కాలేదు, కూచోండప్పా!" అని పాత పాటే పాడి ముందుకు పోయాను. ఎవరో వచ్చి వీపు మీద గుద్దితే గాని బ్రేకు వేయలేదు.

తిరిగి చూశాను. నా భార్య రవికతో, లోపావడతో, ఒంటి మీద చీర లేకుండా నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు ఆమెను పట్టుకుని ఉన్నారు. నలభై మంది ముందు నా పెళ్లాం అట్లా! నోటికొచ్చిన మాట అనేశాను.

"సిగ్గు లేదా నీకు!"

అప్పుడు కనబడింది నాకు. మగవాళ్లందరూ ముఖాలు అవతలికి తిప్పుకుని కూర్చున్నారు. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆమెను పట్టుకున్న ముసలి తురక అవ్వ నన్ను కోపంగా చూసింది. "కొంగు కొస గాలికి ఎగిరి చక్రంలో పడె బేటా. నువ్వు నిలపకపోతివి. మెడకు బిగుసుకుంటా ఉంటే ఎంత లాగినా చినగల్యా. నడుము కాడ కుచ్చిళ్లు మేమే పీకి వదిలినాం. చీరంతా మెడ మీంచి జారిపాయ, అట్ల బతికె."

కిందికి దిగి చూశాను. కోసిన రేకు మొనకు తగులుకుని, చీరంతా టైరుకు చుట్టుకుని ఉంది. మా మామ నేసిన బట్ట ఎంత గట్టిదో నాకు తెలియనిదా? రోడ్డు మీదే కూలబడ్డాను. అవ్వ తాను కప్పుకున్న చాదరు తీసి నా భార్యకు చుట్టింది. నాకు ఆ పని కూడా తోచలేదు.

గొంతు వాచి నాలుగు రోజులు ఆమెకు మాట రాలేదు. ఆ నాలుగు రోజుల్లో కమ్మరాయన మడ్గార్డుకు కొత్త రేకు వేసి, పట్టీలు వెతికి బస్సును పైకి లేపాడు. అయిదో రోజు నేను గంజి గిన్నె పట్టుకుపోయి పక్కన కూర్చున్నాను. ఆమె రెండు గుటకలు మింగి, గిన్నె కింద పెట్టి, బొంగురు గొంతుతో అంది.

"సిగ్గు లేదా అని అడిగితివే. సిగ్గుండాది. ఊపిరే లేకపాయ."