అరటి కంబళి

మా అత్తను హచ్చొళ్ళి నుంచి తారానగర్‌కు తీసుకొచ్చిన రోజు ఆమె వెంట ఉన్నవి రెండే. ఒక రేకు పెట్టె, గోనెలో చుట్టిన అరటి పిలక. మామ పోయాక ఆర్నెల్లు ఒంటరిగా ఉందామె. కన్నకూతురు, నా భార్య, బతిమాలితే రాలేదు, నేను బేరమాడితే వచ్చింది.

"ఇది చలికి జంకే జాతి కాదప్పా. అయినా మీ కొండగాలి సంగతి నాకు తెల్దు. ఇది బతికితే ఉంటా. లేదంటే నన్ను ఊర్లో దింపాల," అంది.

"శివరాత్రి దాకా చూడు అత్తా. ఆ పొద్దుకు చలి పోతాది."

"ఆయ్తు, సరే. అంతవరకూ పెట్టె ఇప్పను."

బేరంలో గెలుపు నాదే అనుకున్నాను. మా అమ్మ నాకు ఐదేళ్లప్పుడే పోయింది. వద్దన్నా ఇంకో ముద్ద కలిపి పెట్టే మనిషిని ఊరికే పోనిస్తానా?

వానల్లో నాటిన పిలక కార్తీకానికి నా ఛాతీ దాకా లేచింది. అప్పుడే అత్త దేశనూరులో బంధువుల పెళ్లికని నాలుగు రోజులు వెళ్లింది. ఆమె వచ్చేసరికి మొక్కను ముస్తాబు చేయాలనుకున్నాను. మాది కూరగాయల అంగడి. క్యాబేజీకి వాడిన పై ఆకులు ఒలిచి, లోపలి తెలుపు కనబడేట్టు పేర్చడం మా ఇంటి విద్య. ఆ చేత్తోనే అరటి మానును చుట్టుకుని వేలాడుతున్న ఎండాకులన్నీ పీకేశాను. మొక్క నిగనిగలాడింది.

అత్త పెరట్లో అడుగుపెట్టి నిలబడిపోయింది.

"ఎండాకులు యాడప్పా?"

"తీసేసినా. చూసేకి బాగుంటాదని."

"చూసేదెవురు, నీ అంగడి గిరాకీనా? అవి దాని కంబళి. చలికాలం ముందర కంబళి గుంజుకుంటారా ఎవురన్నా?"

తర్వాత వారమే కొండ మీదనుంచి చలిగాలి దిగింది. ఆకుల అంచులు నల్లబడ్డాయి, మొవ్వు మెత్తబడి వాలింది. నేను లారీవాడితో గీచిగీచి బేరమాడి వరిగడ్డి తెచ్చాను, గోనెలు చుట్టాను, పురికొసతో కట్టాను.

"నీ స్వెట్టర్ గూడా తొడుగు, పాపం," అంది నా భార్య.

పుష్యంలో ఒకరోజు అత్త కట్లన్నీ విప్పింది. మానును పైనుంచి కిందికి నొక్కుతూ వచ్చి, గట్టిగా తగిలిన చోట ఆగి కొడవలి అడిగింది.

"ఇంకో వారం చూద్దామత్తా. పోనీ, నాలుగు రోజులు."

"దీంట్లో గూడా బేరమా?"

మోకాలెత్తున ఒక్క వేటు వేసింది. నేను లోపలికెళ్లి మంచం కింద పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ పెరట్లోకి వెళ్తే, కోసిన మాను నడుమ నుంచి బొటనవేలంత లేత మొవ్వు పైకి పొడుచుకొచ్చి ఉంది. నోట్లో నురగతోనే అరిచాను.

"అత్తా! బతికింది! పెట్టె ఇప్పు!"

"శివరాత్రి రాలేదు కదప్పా," అంది, గడ్డి మళ్లీ దాని చుట్టూ సర్దుతూ.

శివరాత్రి పొద్దుకు రెండాకులు విచ్చాయి. ఆమె పెట్టె విప్పి, చీరలు నా భార్య బీరువాలో పెట్టింది.

"గెల వేసేదాకా ఉంటా," అంది.

"గెల కోసినాక?"

"పక్కన పిలకలు లేస్తాయి కదా. వాటి ఎండాకులు నువ్వు పీకకుండా చూసేదెవురు?"