పొడపత్రి నమిలాక బెల్లం

మా ఆయన అక్క సత్యవతి వదిన షుగరు మాత్రలు మానేసింది ఎవరో పసరు వైద్యుడి మాట వినేనని మా అత్తవారి వైపు అందరూ చెబుతారు. అబద్ధం. వదిన విన్నది నా మాట.

విశాఖపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కెమిస్ట్రీ చెబుతాను. పొడపత్రి అని, షుగరు తగ్గిస్తుందని జనం నమ్మే ఒక అడవి తీగ ఉంది. దాని ఆకు సారం నాలుగు చుక్కలు వేస్తే పరీక్ష ద్రావణం ఊదారంగు పోయి పసుపుపచ్చగా మారుతుంది. ఆకులో ఫినాల్స్, ఫ్లేవనాయిడ్ల వంటి యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయనడానికి అదొక గుర్తు, అంతే. కాలేజీలో అది చేసి చూపించి, "ఇది గాజుగొట్టంలో సంగతి, దీన్ని నమ్మి మందులు మానకండి" అని కూడా అన్నాను. మా ఆయన వీడియో తీశాడు. వాట్సాప్ స్టేటస్‌లో పట్టడం లేదని ఆ చివరి వాక్యం కోసేసి చుట్టాలందరికీ పంపాడు.

సోమవారం సాయంత్రం ఫోన్లో, ఆ వీడియో చూసి మాత్రలు మానేశానని చెబుతూ వదిన మాటల మధ్య అంది: "కాలి బొటనేలికి సిన్న పుండే. నెల్లాళ్ళయింది. నొప్పి కూడా నేదు." నొప్పి లేదన్న మాటకే భయపడ్డాను: షుగరు ముదిరితే పాదాల నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు.

మంగళవారం ఉదయం 5:40కి ఆర్టీసీ కాంప్లెక్సులో నర్సీపట్నం బస్సు ఎక్కాను. వెళ్ళేవాళ్ళు ముందు సీటు పట్టుకోండి. తాళ్ళపాలెం మలుపు తిరిగాక వెనక సీట్లో నడుం నిలవదు. అనకాపల్లిలో ఆకుపచ్చ చీర మనిషి ఒకామె పక్కన కూర్చుంది. నేను సంచిలోంచి షుగరు మిషను తీసి బ్యాటరీ చూసుకుంటుంటే అడిగింది.

"ఇంకా సూదులెందుకండీ? ఈ మేడం సెప్పింది సూడండి. మా ఇంట్లో మాత్రలు ఆపేసినాం."

ఆమె ఫోన్లో తెల్లకోటుతో నేను. చివరి వాక్యం లేని నేను. ఆమె ఫోను వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "మీ పోలికే. మీ సెల్లెలేటండి?"

కాదన్నాను. ఇంట్లో వాదనకి ముందుండే నోరు అంతకుమించి లేవలేదు. వదిన వేలి భయం సగం, సిగ్గు సగం. ఎలా మొదలెట్టాలా అని కూడబలుక్కునేలోగా మాకవరపాలెం వచ్చింది. "వొస్తానండి" అని ఆమె దిగిపోయింది.

8:25కి నర్సీపట్నం. అక్కణ్ణించి కోటవురట్ల వైపు షేర్ ఆటో, చెరుకు తోటల మధ్య ఇరవై నిమిషాలు. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని వదిన ఎదురొచ్చింది.

"ఏటి శారదా, సెప్పకుండా వొచ్చీసినావు? కాలేజీ మూసీసినారేటి?"

"వేలు చూపించు వదినా."

"ఏలెక్కడికీ పోదుగానీ, ముందు ఇది నవులు." నా చేతిలో పచ్చి పొడపత్రి ఆకులు పెట్టింది. చేదు. తర్వాత బెల్లం ముక్క ఇచ్చింది. నోట్లో ఇసుక వేసుకున్నట్టుంది, తీపి జాడే లేదు. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు కాసేపు నాలుకకు తీపి తెలియనివ్వవు. ఇది పుస్తకంలో ఉన్నదే.

"సూసేవా? బెల్లాన్నే సంపీసింది, ఒంట్లో సుగర్ని వొదుల్తాదా? రోజూ పొద్దున్నే ఇలాగే పరీచ్చ సేసుకుంతన్నాను."

"రోజూనా? బెల్లంతోనా?"

"మరి దేంతో సేత్తారు?"

మాత్ర లేదు, పైగా రోజూ పరగడుపున బెల్లం. "వదినా, అది నాలుక మీద సంగతి, రక్తంలోది కాదు" అన్నాను.

"నీదేటి మరి? గాజుగొట్టంలో రంగు మారిందని సెప్పేవు. నాలికైనా నాదే కదా. నీ గొట్టం ఎవులి ఒంట్లో ఉంది?"

వదిన చేతివేలికి సూది గుచ్చాను. మిషను మీద అంకె రాలేదు. కొలతకు అందనంత ఎక్కువైతే వచ్చే 'హై' అనే మాట వచ్చింది. బొటనవేలి గుడ్డ విప్పితే కింద నల్లగా ఉంది. వాసన వచ్చింది.

"బేగి పద" అన్నాను. ఈసారి వదిన ఎదురు చెప్పలేదు.

పదిన్నరకి నర్సీపట్నం ఆసుపత్రిలో ఉన్నాం. ఇన్సులిన్ పెట్టి పుండు శుభ్రం చేశారు. వేలు నిలుస్తుందో లేదో మూడు రోజులకు గాని చెప్పలేనంది డాక్టరమ్మ. వదిన నా మణికట్టు వదల్లేదు. "తీసీత్తారేటి శారదా?" ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం బస్సుకి మా ఆయన వచ్చాడు. వదిన మంచం పక్కనే కూర్చోబెట్టి, పూర్తి వీడియో అతని చేతే అందరికీ పంపించాను. మొదటిది వెళ్ళిన చోటికల్లా ఇదీ వెళ్తుందా అని నేనడిగితే, దాన్ని ఎవరు ఎవరికి పంపుకున్నారో తెలియదన్నాడు. అతన్ని అక్కడుంచి, మా బట్టలు తేవడానికి సాయంత్రం 5:15 విశాఖ బస్సెక్కాను.

పొద్దున భయంతో దాటిన దారే ఇది. అప్పుడు ఒక్క వేలి గురించే భయపడ్డాను. మాకవరపాలెంలో బస్సు ఆగగానే దిగి ఆకుపచ్చ చీర కోసం వెతికాను. పేరు తెలియదు, ఊరు తెలియదు. "మేడం, ఎక్కుతారా నేదా?" అని కండక్టరు కేకేశాడు. ఎక్కాను.

ఆమె ఇంట్లో మాత్రలు మానింది ఎవరు? వాళ్ళ పాదాలు ఎవరైనా వంగి చూశారా?