పడ్డవాళ్ళను లేపే మేనత్త

మొన్న సోమవారం పొద్దున కంపెనీ బస్సులో నా పక్కన కూర్చున్న కొత్తమ్మాయి ఫోను అడ్డంగా పట్టుకుని, బొంగులూరు దాటకముందే రెండుసార్లు చచ్చిపోయింది. మూడోసారి ఆట మొదలుపెడుతూ, నేను తొంగిచూడటం గమనించి, "అక్కా, మీరు గూడ ఆడతరా? సోలోనా, స్క్వాడా?" అని అడిగింది. టీ తాగుతారా, కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా అడిగేసింది. "మొదట్ల సోలోనే. తర్వాత మా మేనత్త వచ్చింది" అన్నాను. మేనత్త అనేది ఏ తుపాకీ పేరనుకుందో, తెల్లమొహం వేసింది. ఇంతలో ఆదిభట్ల గేటు రానే వచ్చింది, అందరం దిగిపోయాం. ఆ పిల్లకు చెప్పలేకపోయిందంతా సాయంత్రం దాకా నా నోట్లోనే తిరుగుతూ ఉండిపోయింది.

ఆ ఆట ఎరగనివారి కోసం నాలుగు మాటలు. వందమంది ఒక విమానంలోంచి ఒక దీవి మీదికి దూకుతారు. అక్కడి ఇళ్ళల్లో దొరికిన తుపాకులు, మందులు ఏరుకుంటారు. చుట్టూ ఒక నీలం వలయం అంతకంతకూ చిన్నదైపోతూ ఉంటుంది, దాని అవతల చిక్కుకుంటే ప్రాణం కరిగిపోతుంది. చివరిదాకా బతికినవాళ్ళదే గెలుపు. ఒక్కరే ఆడితే సోలో, దెబ్బ గట్టిగా తగిలిందంటే అక్కడితో సరి. నలుగురు జట్టు కడితే స్క్వాడ్. అందులో దెబ్బతిన్న మనిషి వెంటనే చావడు, కాసేపు నేలమీద పాకుతూ ఉంటాడు. జట్టులో ఒకరు వచ్చి పక్కన కూర్చుని, తెరమీద ఒక బొత్తాన్ని పది లెక్కపెట్టేంతసేపు వదలకుండా నొక్కితే మళ్ళీ లేచి నిలబడతాడు. మా కథంతా ఆ బొత్తాం చుట్టూ జరిగిందే.

నేను సోలో మనిషిని. విమానాల విడిభాగాలు తయారుచేసే చోట తనిఖీ పని నాది. ఒక అద్దాల గదిలో రోజంతా ఒక్కదాన్నే కూర్చుని రంధ్రాల వెడల్పు కొలుస్తాను. ఆటలో కూడా మొదట్లో తెలియని వాళ్ళతో జట్టు కట్టి చూశాను. మైకులో ఆడగొంతు వినబడగానే ఒకడు పాట పాడతాడు, ఒకడు ఫోన్ నంబర్ అడుగుతాడు, ఇంకొకడు వంటింట్లోకి పొమ్మంటాడు. మైకు మూసేసి సోలోలోకి వెళ్ళిపోయాను. ఎంత హాయి! ఎక్కడ దూకాలో ఎవరినీ అడగక్కర్లేదు, చస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. గడ్డిలో బోర్లా పడుకుని, అడుగుల చప్పుడు వింటూ, మొదటి పదిమందిలోకి వచ్చేదాన్ని. మా ఆయన "ఇంట్ల గింత ఓపిక ఎన్నడన్న చూపిచ్చినవా?" అనేవాడు. లేదని ఒప్పుకునేదాన్ని.

మా మేనత్త ఇబ్రహీంపట్నంలోనే, మాకు రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. సర్కారు దవాఖానలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసింది. ఎవరింటికెళ్ళినా కూర్చోకముందే పిల్లల గోళ్ళు, పెద్దవాళ్ళ కాళ్ళవాపులు చూసే అలవాటు ఆమెది. పెళ్ళి భోజనాల దగ్గర కూడా పక్కవాడి కంటిరెప్ప కిందికి లాగి "రక్తం తక్కువున్నది" అని చెప్పగా నేను చూశాను. అలాంటి మనిషి ఇంకా నాలుగేళ్ళ ఉద్యోగం ఉండగానే మానేసి వచ్చేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్ల నూలు చీరతో చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చేది. అన్నం తిని, మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కుర్చీలో ఊరికే కూర్చునేది. ఆ ఊరికే కూర్చోవడం చూస్తే నాకు ఏదోలా ఉండేది గానీ, నేనూ నా ఫోనులో తల దూర్చేదాన్ని.

ఒక వానాకాలపు ఆదివారం ఆమె నా భుజం మీంచి చూసింది. ఆ రోజు జట్ల ఆటలోకే ఒక్కదాన్నే దిగాను. తెరమీద ఎవరి జట్టువాడో ఒకడు దెబ్బ తిని గోడవారన పాకుతున్నాడు.

"వాడు ఇంక బతికే ఉన్నడు గదా?"

"అవ్ అత్తా, పడ్డడు. వాని దోస్తులెవరన్న లేపాలె."

"మరి నువ్వు పడితే?"

"నేను సోలో. పడితే సచ్చినట్టే."

అత్త నా మొహంలోకి అదోలా చూసింది. "గదేం ఆటనే! లేపేటోల్లున్న ఆట పెట్టు. నాక్కూడ ఒకటి పెట్టియ్యి" అంది.

సరదాకు అన్నదనుకున్నాను. మరుసటి ఆదివారం కొత్త ఫోనుతో వచ్చింది! నలుగురు కావాలి కదా. మా ఇంటి కింది గదిలో జాకెట్లు కుట్టే టైలరక్కను పిలిచాను. రోజంతా సూదిలోకి దారం ఎక్కించే కన్ను ఆమెది, కొండమీద కదిలే తల నాకంటే ముందు ఆమెకే కనబడేది. నాలుగో మనిషి మా కంపెనీ బస్సు నడిపే డ్రైవరన్న. పొద్దున మమ్మల్ని దింపాక సాయంత్రం దాకా బస్సులోనే ఆడుతూ ఉంటాడు కాబట్టి ఆటలో మా అందరికీ గురువు ఆయనే. ఆదివారం మా ముందుగదిలో చాప పరిచి, నాలుగు ఫోన్లు ఛార్జింగు పెట్టుకుని, చేతులకంటిన ఉల్లిపాయ బజ్జీల నూనె తుడుచుకుని దీవి మీదికి దూకేవాళ్ళం.

అత్త తుపాకీ ముట్టుకోలేదు. ఎదురుగా మంచి రైఫిలు పడి ఉన్నా దాటుకుని పోయి, పక్కనున్న కట్టుగుడ్డల పొట్లం ఏరుకునేది. "అమ్మా, ఒక్క పిస్తోలన్న పెట్టుకో" అని డ్రైవరన్న బతిమాలేవాడు. "అది పెడితే మందులకు జాగ ఏడుంటది?" అనేది. మాలో ఎవరైనా పడ్డామా, ఇక ఆమెను ఆపలేం. తూటాలు కురుస్తున్నా మైదానం మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చునేది. "పాణం ఉన్నదా? మాట్లాడు బిడ్డా! కండ్లు మూయకు!" అని నిజంగానే అరిచేది. "ఆటల కండ్లెట్ల మూస్తరు అత్తమ్మా!" అని టైలరక్క నవ్వలేక చచ్చేది. ఇన్నాళ్ళూ గడ్డిలో ఒంటరిగా నక్కి ఆడినదాన్ని, నా కోసం ఒక మనిషి తెరకు ఆ మూల నుంచి ఈ మూలకు ఉరికి రావడం ఎన్నడూ చూడలేదు.

కానీ పాత బుద్ధి ఎక్కడికి పోతుంది! ఒక ఆదివారం వలయం ముంచుకొస్తోంది, టైలరక్క నా వెనకాలే దెబ్బ తిని పడింది. లేపాలంటే లేపగలను. కానీ లేపితే నేనూ పోతానేమోనని లెక్క వేసుకుని ముందుకు పరిగెత్తాను. ఆమెను లేపబోయిన అత్త, అత్తను కాపాడబోయిన డ్రైవరన్న కూడా వలయం అవతలే పోయారు. నేను ఒక్కదాన్నే చివరిదాకా ఉండి మా జట్టును రెండో స్థానంలో నిలబెట్టాను. "చూసినవా అత్తా!" అని గంతులేశాను. అత్త ఫోను చాప మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే "పనున్నది" అంది. ఆమెకేం పని ఉంటుందో నాకు తెలియదా!

చివరికి నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అత్త వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. దగ్గరగా కూర్చున్నాక, ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న ఆ చేతుల్ని మొదటిసారి చూశాను. కుడిచెయ్యి సన్నగా, ఆగకుండా వణుకుతోంది.

"కోపమొచ్చిందా అత్తా?"

"కోపం గాదు బిడ్డా." చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "నేను కొలువు ఎందుకిడిసిపెట్టిన్నో ఎరికేనా? సెలైన్ ఎక్కియ్యనీకి ఒక చిన్న పోరికి నరం దొర్కవట్టాలె. మూడుసార్లు గుచ్చిన, మూడుసార్లు తప్పింది. చెయ్యి ఆగలే. పక్కనున్న చిన్న నర్సమ్మ నా చేతులకెల్లి పళ్ళెం తీస్కున్నది. అందరు పోరిని చూస్తున్నరు, నేను నిలబడ్డ. ఎంతసేపు నిలబడ్డనో గుర్తు లేదు. ఇగ నేనే బయటికొచ్చిన." ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. "గా ఆటల నా చెయ్యి వణికినా మనిషి లేస్తడే. నువ్వేమో పడ్డ మనిషిని చూసి గూడ ఉరికినవ్."

మిగిలిన చిక్కుళ్ళు నేను తీశాను. లేచేటప్పుడు "ఈ ఆదివారం రా అత్తా, నేను ఎవ్వల్ని ఇడిసిపెట్టి పోను" అన్నాను. వచ్చింది.

ఆ తర్వాత నెలకే మా ఊరి కుర్రాళ్ళు సాగర్ రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాల్లో పోటీ పెట్టారు. ఇరవై జట్లు, ఒకే ఆట, గెలిచినవాళ్ళకు కప్పు. డ్రైవరన్న మాకు చెప్పకుండా పేర్లు ఇచ్చేశాడు. ఆదివారం చర్చి అయ్యాక నలుగురం హాలులోకి అడుగుపెడితే, తలుపు దగ్గరి అబ్బాయి తెల్లచీర అత్తను చూసి, "పెద్దమ్మా, అన్నం డబ్బా గాడ పెట్టు, మీవోడొచ్చి తీస్కుంటడు" అన్నాడు.

"డబ్బా గాదు బిడ్డా, టీం" అంది అత్త.

హాలంతా నవ్వులే. మేం మూలనున్న నాలుగు కుర్చీల్లో కూర్చున్నాం. ముందర పెళ్ళిమండపం మీద పెద్ద తెర. ఆట మొదలైంది. అరచేతులు చున్నీకి తుడుచుకుంటూ ఆడుతున్నాను. పది జట్లు పోయాయి. మేం ఉన్నాం! ఆరు మిగిలాయి. ఉన్నాం! టైలరక్క కొండమీద ఇద్దర్ని కనిపెట్టి కొట్టింది. డ్రైవరన్న మాకు అడ్డంగా జీపు నిలిపి, ఆ జీపు పేలిపోవడంతో పోయాడు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. కాసేపటికి టైలరక్క కూడా పోయింది. చివరికి రెండే జట్లు. అటు ఎర్రచొక్కాల కుర్రాళ్ళు ఇద్దరు, ఇటు నేనూ అత్తా.

నేను ఒక రాయి చాటు నుంచి ఇంకో రాయి చాటుకు పరిగెడుతుంటే తూటా తగిలి మధ్యలో పడిపోయాను. "రాకు అత్తా! దాస్కో! నువ్వొక్కదానివున్నా మనం ఉన్నట్టే!" అని అరిచాను. నిజమే చెప్పాను. సోలో మనిషిని కదా, లెక్క నాకు బాగా తెలుసు.

"మాట్లాడుకుంట ఉండు, వస్తున్న" అంది అత్త.

పొగబాంబు విసిరింది. తెల్లటి పొగలోంచి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఇక పది లెక్కపెట్టేంతసేపు బొటనవేలు కదలకూడదు. ఎనిమిది దగ్గర వేలు జారింది. హాలంతా "అయ్యో" అంది. ఆమె మణికట్టు పట్టుకుందామని చెయ్యి చాచాను. "ముట్టుకోవద్దు, అక్కా" అని నిర్వాహకుడు కేకేశాడు. అత్త నన్ను చూడలేదు. ఫోను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది. ఎడమచేత్తో కుడిమణికట్టును గట్టిగా బిగించి, వేలు మళ్ళీ ఆనించింది. లెక్క మళ్ళీ ఒకటి నుంచి. పొగ పలచబడుతోంది. ఆరు, ఏడు, ఎనిమిది... హాలులో వాళ్ళే గట్టిగా లెక్కపెడుతున్నారు. తొమ్మిది, పది! లేచాను!

లేస్తూనే ఎదురుగా వచ్చినవాణ్ణి కొట్టాను, రెండోవాడు నన్ను కొట్టాడు. అత్త మళ్ళీ నన్ను చేరుకునేలోపే, పడిన నన్నూ ఆ మొదటివాణ్ణీ వలయం మింగేసింది. మిగిలింది ఆ అబ్బాయి ఒక్కడు, అత్త ఒక్కతి. ఈమె దగ్గర తుపాకీ లేదని వాడికి తెలియదు! తల బయట పెట్టే ధైర్యం చాలక రాయి వెనకే ఉండిపోయాడు. వలయం కుంచించుకుని, కుంచించుకుని, నిలబడే చోటే లేకుండా పోయింది. ఇద్దరి ప్రాణమూ కరుగుతోంది. వాడి సంచినిండా తూటాలు. అత్త సంచినిండా మందులు. ఒకటి అయిపోగానే ఇంకొకటి నొక్కుతోంది, ఇంకొకటి నొక్కుతోంది. టైలరక్క నా భుజంలో గోళ్ళు దించేసింది. డ్రైవరన్న కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. తెరమీద ఆ అబ్బాయి బొమ్మ మోకాళ్ళ మీదికి కూలిపోయింది.

ఆ హాల్లో ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయో గానీ అంత గోల ఎప్పుడూ లేచి ఉండదు. ఎర్రచొక్కా అబ్బాయి పరిగెత్తుకుంటూ వచ్చి, "పెద్దమ్మా, నీ తాన ఎన్ని మందులున్నయే!" అన్నాడు. "ఇంక మూడున్నయ్" అని అత్త వాడి మొహంలోకి చూసి, వెంటనే కంటిరెప్ప కిందికి లాగింది. "పొద్దటి సంది ఏమన్న తిన్నవా లేదా?" అని అడిగింది. వాడు తినలేదట.

కప్పు టైలరక్క కొట్లో, కుట్టుమిషను పక్కన ఉంది. అత్తకు ఇప్పుడు రెండు చేతులూ వణుకుతున్నాయి, ఫోను పట్టుకోలేకపోతోంది. ఆమె చోటులో మా ఆయన ఆడుతున్నాడు, తరచుగా పడుతుంటాడు. అత్త చాప మీద మా మధ్య కూర్చుని ఎవరు ఎక్కడ పడ్డారో చెబుతూ మమ్మల్ని పరిగెత్తిస్తుంది. ఇరవై ఏళ్ళకు పైగా రెండు వీధుల అవతలే ఉన్న మనిషిని నేను నిజంగా చూడటం మొదలుపెట్టింది ఆ వానాకాలపు కొన్ని ఆదివారాల్లోనే. అంతకుముందు పోయిన ఏళ్ళకు విచారం లేదని అనను. కానీ మనుషులు ఒకరికొకరు కనబడటానికి కావలసిన కాలం ఎప్పుడొస్తుందో ముందుగా ఎవరికి తెలుస్తుంది? వచ్చినప్పుడు మాత్రం అది గబగబా వచ్చేస్తుంది.